పెట్టె నంబరు రెండు వేల ఒకటి

కమిషనర్ గారు విదేశాలకు అధ్యయన యాత్రకు వెళ్లి రావడం జిల్లాలకు ఎప్పుడూ మంచిది కాదు. ఇంతకు ముందోసారి వెళ్లొచ్చినప్పుడు ఆఫీసులన్నిటిలో నిలబడి పనిచేసే బల్లలు వేయించారు. ఆర్నెల్లపాటు గుమస్తాలు నిలబడ్డారు, ఫైళ్లు కూర్చున్నాయి. ఈసారి ఆయన ఏదో చలిదేశంలో లక్షణంగా చదువుకున్న పెద్దమనుషులు చేతిలో చిన్న యంత్రం పట్టుకుని పొదల్లో దూరడం చూశారు. ఏమిటని ఆరా తీస్తే తేలింది ఏమంటే, అక్కడ ఎవరో ఒక డబ్బా దాస్తారట. దాచిన చోటు తాలూకు అంకెలు నలుగురికీ చెబుతారట. మిగతావాళ్లు ఆకాశంలోని ఉపగ్రహాలను అడిగి ఆ డబ్బాను కనిపెట్టి, అందులో ఉన్న నోటు పుస్తకంలో సంతకం చేసి, ఇంటికి పోయి భోంచేస్తారట.

కమిషనర్ గారు విమానం దిగేసరికే పథకం పేరు కూడా సిద్ధమైంది: నిక్షేప యాత్ర. జిల్లాకు రెండు వేల స్టీలు డబ్బాలు, ఒక జీపీఎస్ యంత్రం. మూడు నెలల్లో దాచెయ్యాలి. రెండు వేలే ఎందుకంటే, యంత్రంతో పాటు వచ్చిన పుస్తకంలో ఇందులో రెండు వేల పాయింట్లు పడతాయని ఉంది. పడతాయన్నాక నింపకుండా ఎలా?

నాగూరుపేటలోని సాహస పర్యాటక శాఖ జిల్లా ఆఫీసులో ఆ యంత్రం రొంగలి తాతబాబు అనే సీనియర్ అసిస్టెంటు చేతికి వచ్చింది. ఆయనకు యాభై రెండేళ్లు. చేతికిచ్చిన ఏ కాగితమైనా చివరిదాకా చదివే దురలవాటు ఉన్న మనిషి. యంత్రం పుస్తకం నలభై పేజీలూ చదివాడు. ముప్పై మూడో పేజీలో, పాత పాయింట్లు తొలగించడానికి ఒక మీట ఉందనీ, నొక్కితే రెండు సెకన్లు పడుతుందనీ రాసి ఉంది. తాతబాబు ఆ పేజీకి గుర్తుగా పోస్టుకార్డు ముక్క పెట్టుకున్నాడు. రాష్ట్రం మొత్తమ్మీద ఆ పేజీ చదివినవాడు తనొక్కడేనన్న సంగతి అప్పటికి ఆయనకు తెలియదు.

డబ్బాలు దాచారు. మూత మీద కుండపై కూర్చున్న నెమలి, అది శాఖ ముద్ర. కింద నంబరు. కొండల నిండా రాళ్ల కింద, తొర్రల్లో, వాగుల పక్కన రెండు వేల డబ్బాలూ కొలువుతీరాయి. వెతకడానికి ఒక్క నరుడూ రాలేదు. వచ్చే టూరిస్టులు జలపాతం కింద తడిసి, బిర్యానీ తిని, పొట్లాలు అక్కడే పారేసి బస్సెక్కేవారు.

ఈ పథకానికి ఇంకో ఘనత కూడా ఉంది. కొండ మీది చోట్లకు ఒక్కో శాఖ ఒక్కో జాబితా రాసుకోవడం వల్ల గందరగోళంగా ఉందని, ఇకమీదట కొండ ప్రాంతానికి ఈ యంత్రంలోని జాబితా ఒక్కటే ప్రమాణమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. అంబులెన్సు వాళ్లకూ అదే పంపారు. దాంతో కొండ మీద రాయి కింద ఉన్న ఉత్త డబ్బా దగ్గరికి అంబులెన్సు కళ్లు మూసుకుని వచ్చేస్తుంది. ఆ రాయి పక్కనున్న ఊరికి రాదు. ఊరు జాబితాలో లేదు మరి.

ఆ ఊరి పేరు తేనెరాతిగూడ. ముప్పై ఒక్క ఇళ్లు. అక్కడి ఆశా కార్యకర్త తోయక సుక్కురమ్మ ఒక సోమవారం అర్జీ పట్టుకుని ఆఫీసుకు వచ్చింది. నలభై ఏళ్ల మనిషి, ఆశా చీర కట్టుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"బాబూ, మా ఊరి పాయింటు ఒక్కటి మీ మిసన్లో ఎట్టేయండి. మరేటీ అడగను."

తాతబాబు ఆమెకు కుర్చీ చూపించాడు. ఆమె కూర్చోలేదు.

"ఫోను సేస్తే, పాయింటు సెప్పమ్మా అంటారు బండోళ్లు. తేనెరాతిగూడ అంటే, ఆ పేరు లిస్టులో నేదంటారు. పోయినేడు వానలకి మా అప్ప కూతురు నీలమ్మకి నొప్పులొచ్చినాయి. బండొచ్చింది. ఒచ్చి కొండకవతల రోడ్డు కాడ రెండు గంటలు నిలబడి ఎల్లిపోనాది. ఇవతల మావు సూస్తన్నాం, అవతల ఆళ్లు సూస్తన్నారు. పిల్ల దక్కనేదు బాబూ. ఇప్పుడు మల్ల దానికి ఎనిమిదో నెల."

తాతబాబుకు సిగ్గేసింది. తన బీరువాలో ఎర్రగుడ్డలో చుట్టి ఉన్న ఆ యంత్రం మీద, దానికి తాళం వేసుకుని తిరుగుతున్న తన మీద ఒకేసారి అసహ్యం పుట్టింది. ఆమెను వెంటబెట్టుకుని సహాయ సంచాలకుడి గదిలోకి నడిచాడు.

సహాయ సంచాలకుడు యర్రమిల్లి చంద్రమౌళి గారు. ఇంట్లో కాఫీ అడిగేటప్పుడు కూడా 'తగు చర్య నిమిత్తం' అంటారని ప్రతీతి. అర్జీ అంతా విని, కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"అమ్మా, మీ విజ్ఞప్తిని శాఖ మిక్కిలి సానుభూతితో పరిగణిస్తోంది. అయితే సదరు యంత్రంలో ప్రస్తుతం ఖాళీ శూన్యం."

"రెండు వేల డబ్బాలున్నాయంట గదా బాబూ. ఒక డబ్బా తీసేసి మా ఊరెట్టండి."

"డబ్బా నిక్షేపమమ్మా. ఊరు నిక్షేపం కాదు."

"డబ్బాలనెవులూ ఎతకతం నేదు. మా ఊరిని ఎతకతన్నారు, దొరకతం నేదు," అంది సుక్కురమ్మ.

చంద్రమౌళి గారు అర్జీ మీద 'చూడబడినది' అని రాసి సంతకం చేశారు. ఆమె ఆ కాగితం మడిచి జాకెట్టులో పెట్టుకుని, మళ్లీ సోమవారం వస్తానని చెప్పి వెళ్లింది. చెప్పినట్టే వచ్చింది. ఆ పై సోమవారం కూడా వచ్చింది. గోడకు చెప్పుకున్నా ఈపాటికి గోడ కాస్త కదిలేది.

మూడో సోమవారం ఆమె వెళ్లగానే పిడుగులాంటి ఉత్తరం వచ్చింది. వచ్చే నెల ఇరవయ్యో తేదీన కమిషనర్ గారు స్వయంగా విచ్చేసి, స్వహస్తాలతో ఒక నిక్షేపాన్ని దాచెదరు. ఏర్పాట్లు చూడవలెను.

చంద్రమౌళి గారు గంట కొట్టారు. తాతబాబు యంత్రంతో సహా హాజరయ్యాడు. కమిషనర్ గారి పెట్టెకు పాయింటు ఎక్కించబోతే యంత్రం 'మెమరీ ఫుల్' అని చూపించి ఊరుకుంది.

"ఒకటి తీసెయ్యొచ్చండి. రెండు సెకన్ల పని. ముప్పై మూడో పేజీలో ఉంది," అన్నాడు తాతబాబు.

"తీసెయ్యడమా!" చంద్రమౌళి గారు కుర్చీలోంచి సగం లేచారు. "తాతబాబూ, పాయింటు అంటే రికార్డు. రికార్డును నాశనం చేయడమంటే ఏమిటో తెలుసా? విధివిధానాలు లేకుండా నువ్వు ఆ మీట నొక్కితే, ఆ నొక్కిన వేలితో పాటు నా ఉద్యోగం కూడా పోతుంది. పైవారి స్పష్టీకరణ కోరుదాం."

స్పష్టీకరణ కోరారు. వారం తిరక్కుండా సమాధానం వచ్చింది. శాఖలో అంత తొందరగా వచ్చే సమాధానాలన్నీ కాదనేవే. అందులో ఇలా ఉంది:

'దొరికిన నిక్షేపమును మాత్రమే తొలగించవలెను. దొరకని నిక్షేపము, దొరుకుటకు అవకాశమున్న ప్రభుత్వ ఆస్తి. దాచినవారే కనుగొనుట చెల్లదు. పాయింటుకు వంద మీటర్ల లోపు శాఖ ముద్ర గల ఏ పెట్టె కనిపించినను దొరికినట్లే భావించవలెను. వెతికిన పిమ్మట దొరకలేదని అధికారి ధ్రువీకరించిన పాయింటును, దొరుకునంత వరకు, ఎట్టి పరిస్థితులలోను తొలగించరాదు.'

చంద్రమౌళి గారు దాన్ని రెండుసార్లు పైకి చదివి, "ఎంత స్పష్టంగా ఉందో చూడు" అన్నారు.

అయితే ఒక డబ్బానన్నా ఎవరిచేతనైనా దొరికించాలి. దాచింది శాఖ కాబట్టి శాఖవాళ్లు వెతకరాదు. చంద్రమౌళి గారు బస్టాండుకు వెళ్లి, జలపాతం చూడ్డానికి వచ్చిన ఇద్దరు ఎరువుల కొట్టు భాగస్వాములను బిర్యానీ ఆశ చూపి జీపెక్కించారు. వాళ్లతో, తాతబాబుతో పన్నెండో నంబరు డబ్బా దగ్గరికి వెళ్లారు. యంత్రం చెప్పిన తొర్రలో డబ్బా లేదు, ఒక తొండ ఉంది. పదమూడులో తొండ కూడా లేదు. అలా పన్నెండు చోట్లు తిరిగారు. ఎరువుల కొట్టువాళ్లు ఆరో చోటునుంచే బిర్యానీ వద్దు, బస్టాండులో దింపేస్తే చాలనడం మొదలుపెట్టారు.

తిరిగి వస్తుంటే దారి పక్క గట్టు మీద ఒక ముసలామె కూర్చుని చుట్ట చుట్టుకుంటోంది. పొగాకు ఒక మెరిసే స్టీలు డబ్బాలో ఉంది. మూత మీద కుండ, కుండ మీద నెమలి. తాతబాబు చప్పున ఆకాశం వైపు చూసి, వాన వచ్చేట్టుందండి అన్నాడు. చంద్రమౌళి గారూ ఆకాశం వైపే చూశారు. ముసలామె మీద ప్రభుత్వ ఆస్తి దొంగతనం కేసు ఆ విధంగా తప్పింది. ఉప్పుకో కారానికో పనికొచ్చే గట్టి డబ్బాను రాయి కింద పారేసి పోయేవాడు ఎంత అమాయకుడో కదా అని ఆ కొండ మీది ఆడవాళ్లు ఎప్పుడో జాలిపడి, అడవికి పోయినప్పుడల్లా దొరికిన డబ్బా దొరికినట్టు ఇళ్లకు చేర్చారు. ఇది పన్నెండు డబ్బాల మాట కాదు, దాదాపు రెండు వేల మాట.

పన్నెండు పాయింట్లకూ 'దొరకలేదు' అని చంద్రమౌళి గారు ధ్రువీకరించారు. దాంతో ఆ పన్నెండూ చిరంజీవులయ్యాయి.

"పోనీ అక్కడ కొత్త డబ్బాలు పెట్టిద్దామండి. అప్పుడు దొరుకుతాయి గదా," అన్నాడు తాతబాబు, తనలో తను నవ్వుకుంటూ.

"పెట్టొచ్చు. కాని మళ్లీ పెడితే అది కొత్త దాపరికం అవుతుంది. కొత్త దాపరికానికి కొత్త నంబరు. కొత్త నంబరుకు యంత్రంలో ఖాళీ."

"ఇంకో యంత్రం అడుగుదామా?"

"అడగాలంటే, ఉన్న యంత్రంలో ఖాళీ లేదని రాయాలి. ఖాళీ ఎందుకు ఉంచలేదని అడుగుతారు. తొలగింపు సన్నద్ధతా కమిటీ వెయ్యడమే ఉత్తమం."

కమిటీ వేశారు. అది రెండుసార్లు కూర్చుని, 'తొలగింపు' అనే మాట ప్రజల్లో నిరాశ కలిగిస్తుంది కాబట్టి 'విముక్తి' అనాలని తీర్మానించి లేచింది.

కమిషనర్ గారు రావలసిన నెలలో ఎనిమిదో తేదీ, పగలు పదకొండు గంటలకు తాతబాబు ఫోను మోగింది.

"బాబూ, నీలమ్మకి నొప్పులొచ్చేసినాయి. బండోళ్లు మల్ల పాయింటంటన్నారు. ఏటి సెయ్యమంటారు?" అవతల సుక్కురమ్మ.

తాతబాబుకు తను చదివిన కాగితాలన్నీ వరసగా కళ్లముందు తిరిగాయి. నిక్షేప యాత్ర మార్గదర్శకాలు, తొమ్మిదో పేజీ. నిక్షేపం వద్ద ఇబ్బందిలో ఉన్న యాత్రికుని వద్దకు వాహనం నలభై నిమిషాలలో చేరవలెను. చలిదేశంలో అలా ఉందని కమిషనర్ గారు పట్టుబట్టి రాయించిన వాక్యం అది.

"మీ ఊరు మొగదల, కంకర దారి పక్కన పెద్ద రాయుంది గదమ్మా, దాని కింద ఒక డబ్బా..."

"రాతి కిందెక్కడుంది బాబూ, మా ఇంట్లో ఉంది. ఉప్పేసుకున్నాను."

"పద్నాలుగు వందల పదిహేడేనా?"

"ఉండండి... ఒకటి, నాలుగు, ఒకటి, ఏడు. అదే. ఊళ్లో అలాటివి మొత్తం పదకొండున్నాయి. మిగిలినయి కొండ మీంచి తెచ్చుకున్నాం."

"అవి వద్దు. ఇది రాతి కిందున్నది గనక ఇదే కావాలి. ఉప్పు దులిపేసి, డబ్బా రాతి కింద పెట్టు. నీలమ్మను దాని పక్కన కూచోబెట్టు. ఫోను చేసి, టూరిస్టులం, పద్నాలుగు వందల పదిహేడు డబ్బా కాడ ఉన్నాం అని చెప్పు. ఊరి పేరెత్తకు. ఎత్తావంటే రారు."

బండి ముప్పై అయిదు నిమిషాల్లో వచ్చింది. డ్రైవరు పద్ధతి గల మనిషి, యాత్రికుల ఫారం నింపాడు. యాత్ర ఉద్దేశం: ప్రసవం. యాత్రికుల సంఖ్య: వెళ్లేటప్పుడు ఒకరు. వచ్చేటప్పుడు ఎంతమందో ఆసుపత్రిలో చూసి రాస్తానని ఖాళీ ఉంచాడు. సాయంత్రం నాలుగింటికి 'ఇద్దరు' అని రాశాడు. ఆడపిల్ల. తల్లీబిడ్డా నిక్షేపంగా ఉన్నారని ఫోను వచ్చాక తాతబాబు రికార్డు గదిలోకి పోయి, ఫైళ్ల మధ్య నిలబడి కాసేపు ఏడ్చాడు. ఎందుకు ఏడుస్తున్నాడో ఆయనకు బాగా తెలుసు. రెండు సెకన్ల పని, ఏడాది కిందట చేసి ఉంటే మొదటి పిల్ల కూడా ఉండేది.

ఫారం చంద్రమౌళి గారి బల్ల మీదికి చేరింది. ఆయన అందులో ప్రసవం సంగతి చదవలేదు. 'నిక్షేపం 1417 వద్ద యాత్రికులు' అన్న ముక్క దగ్గరే ఆయన కళ్లు ఆగిపోయాయి.

"దొరికింది! తాతబాబూ, దొరికింది! రాష్ట్రంలోనే తొలి ఆవిష్కరణ!"

"ఆ యాత్రికురాలిది ఆ ఊరేనండి. రాతికి పదడుగుల దూరం."

"స్థానిక పర్యాటకం! దాని మీద వేరే నివేదిక పంపాలి."

పన్నెండో తేదీన ఆఫీసు ఆవరణలో నిక్షేప విముక్తి సభ జరిగింది. షామియానా, మైకు. నీలమ్మకు శాలువా కప్పారు. చేతిలో పిల్ల కూడా ఉండడంతో శాలువా పిల్లకు కప్పినట్టయింది. ఉప్పు మరకలు పోని 1417 డబ్బాను గాజు పెట్టెలో పెట్టి రాష్ట్ర కార్యాలయానికి పంపే ఏర్పాటు చేశారు. చంద్రమౌళి గారు ముప్పావు గంట మాట్లాడి, చప్పట్ల మధ్య మీట నొక్కారు. తెర మీద 2000 పోయి 1999 వచ్చింది. పుస్తకంలో చెప్పినట్టే రెండు సెకన్లు పట్టింది.

చప్పట్లు ఆగాక సుక్కురమ్మ లేచింది.

"బాబూ, ఇప్పుడొక ఖాళీ ఒచ్చింది గదా. మా ఊరెట్టండి."

"అమ్మా, సదరు ఖాళీ కమిషనర్ గారి నిక్షేపం నిమిత్తం కేటాయించడమైనది."

"అలగైతే ఉన్న ఆ ఒక్క డబ్బా పాయింటూ పీకీసినట్టే గదేటి. రేపు ఇంకెవులికైనా నొప్పులొస్తే మావేటని సెప్పాల?"

"మీ ఊరు రాష్ట్రానికే ఆదర్శంగా నిలిచింది. ఆ తృప్తి చాలదా?" అని చంద్రమౌళి గారు మైకు కట్టేశారు.

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. ఇక్కడ పూజారి ఇవ్వకపోగా దేవుడిచ్చింది కూడా లాక్కుని శాలువా కప్పాడు. సుక్కురమ్మ కుర్చీలో కూలబడింది. అన్ని సోమవారాలు తిరిగినా ఆ ఆఫీసులో ఆమె కుర్చీలో కూర్చోవడం అదే మొదలు.

జనం పకోడీల వైపు వెళ్లారు. యంత్రాన్ని బీరువాలో పెట్టమని తాతబాబుకిచ్చి, చంద్రమౌళి గారు ఒక రసీదు మీద సంతకం తీసుకున్నారు: 'యంత్రము ఒకటి, అందులో ఖాళీ ఒకటి, భద్రపరచుటకై ముట్టినవి.' తాతబాబు రికార్డు గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో చెప్పని పని ఒక్కటీ చెయ్యలేదు. చెప్పిన పనుల్లో ఒక్కటి కూడా ఎవరికీ ఉపయోగపడినట్టు గుర్తు లేదు. రిజిస్టరులో ఉన్న 1417 తాలూకు అంకెలు చూసి మళ్లీ ఎక్కించాడు. పేరు దగ్గర 'తేనెరాతిగూడ' అని కొట్టాడు. యంత్రం తనంతట తనే దానికి నంబరు ఇచ్చింది: రెండు వేల ఒకటి. సాయంత్రం అలవాటు ప్రకారం జాబితా అంబులెన్సు వాళ్లకు వెళ్లిపోయింది.

పదిహేడో తేదీన చంద్రమౌళి గారు ఖాళీని ఒకసారి చూసుకుందామని యంత్రం తెరిపించారు. ఖాళీ లేదు.

"నువ్వు సంతకం పెట్టి తీసుకున్న ఖాళీ ఏదీ?"

"నిండిపోయిందండి," అన్నాడు తాతబాబు.

"ఈ రెండు వేల ఒకటి ఎవరు దాచారు? దాపరికపు ధ్రువపత్రం ఏది?"

చంద్రమౌళి గారి మొహం ఎర్రబడింది, తర్వాత ఆలోచనలో పడింది.

"సరే. ఈ పెట్టెను నేను దాచలేదు కనుక నేను కనుగొనవచ్చు. రేపు వెళ్దాం. వంద మీటర్ల లోపు శాఖ ముద్ర ఉన్న ఒక్క పెట్టె కనిపించిందా, అక్కడికక్కడే పాయింటు తొలగిస్తాను. తర్వాత నీ సస్పెన్షన్ ఆర్డరు రాస్తాను."

తాతబాబు ఆ సాయంత్రమే సుక్కురమ్మకు ఫోను చేశాడు.

"రేపు మా సారొస్తున్నారు. ఊళ్లో నెమలి బొమ్మ డబ్బా ఒక్కటి ఆయన కంటబడకూడదమ్మా. పడిందంటే మీ ఊరూ పోతుంది, నా ఉద్యోగమూ పోతుంది."

"కంటబడనిత్తానా బాబూ? అన్నీ చోళ్ల గాదిలో పడేసి మూతేసీసుకుంటాం."

మర్నాడు పొద్దున్నే జీపు తేనెరాతిగూడ చేరింది. చంద్రమౌళి గారు యంత్రం పట్టుకుని రాతి చుట్టూ మూడు ప్రదక్షిణాలు చేశారు. కింద చెయ్యి పెట్టారు, తేలు కనబడి తీశారు. గడ్డివాముల్లో కర్ర దూర్చారు. కోళ్లగూడు తెరిపించారు. మేకల పాకలో వంగి చూసి తలకు దెబ్బ తగిలించుకున్నారు. ముప్పై ఒక్క ఇళ్ల వాళ్లూ అరుగుల మీద కూర్చుని, ఇంత చదువుకున్న మనిషికి ఏం కష్టం వచ్చిందో పాపం అన్నట్టు చూశారు. మధ్యాహ్నం ఒంటిగంటకు ఆయన చెమటతో తడిసి సుక్కురమ్మ అరుగు మీద కూలబడ్డారు.

"ఆకలితో ఉన్నట్టున్నారు. అంబలి తాగండి బాబూ," అని సుక్కురమ్మ గిన్నె తెచ్చి పెట్టింది. పక్కన ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ. చంద్రమౌళి గారు ఒక గుక్క తాగి మొహం చిట్లించారు.

"ఉప్పు తక్కువైంది."

"ఒలే నీలమ్మా, బాబుకి ఉప్పట్టుకురాయే!"

నీలమ్మ ఒక చంకలో పిల్లనెత్తుకుని, రెండో చేత్తో ఉప్పు తెచ్చి ఆయన ముందు పెట్టింది. మెరిసే స్టీలు డబ్బా. మూత మీద కుండ. కుండ మీద నెమలి.

తాతబాబు సుక్కురమ్మ వైపు చూశాడు. ఆమె నీలమ్మ వైపు చూసింది. ఊళ్లో ఉన్న డబ్బాలన్నీ పొద్దున్నే వెతికి వెతికి రాగుల గాదిలో పడేశారు. 1417 పోయాక దాని బదులు ఉప్పు పోసుకున్న ఇది మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు. ఆ ఇంట్లో అది డబ్బా కాదు, ఉప్పు.

చంద్రమౌళి గారు మూత తీశారు. నెమలి పైకి కనిపించేట్టు మూతను మోకాలి మీద పెట్టుకుని, నెమలినీ, నీలమ్మ చంకలోని పిల్లనూ ఒకసారి చూశారు. చిటికెడు ఉప్పు తీసి అంబలిలో వేసుకుని, ఇంకో చిటికెడు తీసి ఉల్లిపాయకు రాసుకున్నారు. ముప్పై ఒక్క ఇళ్లూ ఊపిరి బిగబట్టాయి. పిల్ల ఒక్కతే కేరుమంది.

"ఇప్పుడు బాగుంది," అని ఆయన గిన్నె ఎత్తి సగం ఖాళీ చేశారు. "తాతబాబూ, రాసుకో. పెట్టె నంబరు రెండు వేల ఒకటి నిమిత్తం స్వయంగా, క్షుణ్ణంగా తనిఖీ చేయడమైనది. సదరు స్థలంలో ముప్పై ఒక్క ఇళ్లు, తత్సంబంధిత జనము మాత్రమే ఉన్నవి. పెట్టె కనిపించలేదు."

"కనిపించలేదు," అని తాతబాబు రాశాడు.

"కనుక నిబంధనల ప్రకారం, దొరుకునంత వరకు సదరు పాయింటును ఎట్టి పరిస్థితులలోను తొలగించరాదు. నా ధ్రువీకరణ."

"కమిషనర్ గారి పెట్టె సంగతేమిటండి?"

చంద్రమౌళి గారు ఉల్లిపాయ నములుతూ ఆలోచించారు. "దాచినట్లుగా భావించబడును అని రాద్దాం. ఎలాగూ ఎవరూ వెతకరు." సంతకం చేసి కలం మూసి, మళ్లీ అంబలి గిన్నెలోకి చూసుకున్నారు. "ఇంకొంచెం ఉప్పు పడాలి."

తాతబాబు కాగితం మడిచి జేబులో భద్రంగా పెట్టుకున్నాడు. రెండో చేత్తో ఉప్పు డబ్బాను ఆయనకు అందేలా కాస్త దగ్గరికి జరిపాడు.